రాతిగదికి దారి

మా వెల్డన్ ఊళ్ళో చలికాలంలో పోయినవాళ్ళు మే నెల దాకా ఆగాలి. నేల నాలుగడుగుల లోతు దాకా బిగుసుకుపోయి గునపానికి లొంగదు. అందుకని శ్మశానం పక్కన కొండవాలులో పాతకాలంవాళ్ళు ఒక రాతిగది కట్టారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పోయినవాళ్ళంతా ఆ గదిలో, పెట్టెల్లో, నేల మెత్తబడేదాకా తమ వంతు కోసం చూస్తూ పడుకుంటారు. బతికున్నవాళ్ళ సంగతీ పెద్ద తేడాగా ఉండదనుకోండి. అమెరికా ఈశాన్య మూలనున్న మా వెర్మాంట్‌లో ఏప్రిల్ వచ్చేసరికి అందరం ఎదురుచూపుల మీదే బతుకుతుంటాం.

ఈ ఆచారమే లేకపోతే రెనాటా పగానో మొగుడు పోయిన ఫిబ్రవరిలోనే మూటాముల్లె సర్దుకుని న్యూజెర్సీ వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆవిడని "ఇక్కడెందుకు ఉండిపోయారండీ" అని అడిగేవాళ్ళకి కొదవ లేదు. కొత్తగా ఇల్లు కొనుక్కున్న ప్రతివాళ్ళూ అడుగుతారు. మంచి గాలి, మంచి నీళ్ళు, ప్రశాంతత అని చెబుతుందని వాళ్ళ ఆశ. ప్రశాంతతట. మార్చిలో ఇంటి ముందు బురదలో కారు ఇరుసుల దాకా దిగబడ్డప్పుడు చూడాలి వాళ్ళ ప్రశాంతత.

అసలు ఇక్కడికి రావాలన్నది ఆవిడ కోరికే కాదు. మొగుడిది. విక్ పగానో న్యూజెర్సీలోని ప్యాటర్సన్ నగరంలో లిఫ్టు మెకానిక్కు. ఇరవయ్యేడేళ్ళు చీకటి గుంటల్లో, తాళ్ళ మధ్య, నెత్తి మీద నూనె చుక్కలు పడుతుంటే పని చేశాడు. యాభయ్యెనిమిదో ఏట పని మానేసి, "ఇక నాకు ఆకాశం కావాలే" అన్నాడు. రెనాటా సిటీ బస్సుల డిపోలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎటు పోవాలో అరిచే మనిషి. మనసు మంచిదే, కాకపోతే ముందు నోరు కనిపిస్తుంది. "ఆకాశం ప్యాటర్సన్‌లో లేదా" అని దెబ్బలాడింది, ఏడ్చింది, చివరికి సామాను సర్దింది. పిల్లల్లేరు. ఆయన లేని ఇంట్లో ఒక్కతీ ఉండి ఏం చేస్తుంది?

జూన్‌లో వచ్చారు. కొండ మీద పాత ఇల్లు, దాని చుట్టూ అరవై ఎకరాల అడవి. విక్ పొద్దున్నే కాఫీ కప్పుతో బయట నిలబడి పైకి చూస్తుండేవాడు. రెనాటా లోపల్నుంచి "ఏవయ్యా, ఆకాశం అక్కడే ఉందా" అని కేకేసేది. అలా వేసవి గడిచింది.

అక్టోబరు వచ్చింది. మావాళ్ళు వేటకి ముందు తుపాకులు సరిచూసుకునే నెల. పొద్దున్నుంచీ కొండల్లో ధన్ ధన్ మని మోత. రెనాటా పుట్టి పెరిగిన చోట ఆ మోత వింటే జనం నేల మీద బోర్లా పడుకుంటారు. మరి ఆవిడకి గుండె దడ రాదూ? టౌన్ ఆఫీసుకెళ్ళి ఫారం నింపి, పసుపుపచ్చ అట్టబోర్డులు తెచ్చుకుంది. వేటకి రావద్దు, అడుగు పెట్టొద్దు అని వాటి మీద అచ్చేసి ఉంటుంది. కింద ఆ ఏడాది తేదీ వేసుకోవాలి. ఏటా ఆఫీసులో మళ్ళీ రాయించి, ఏటా మళ్ళీ తేదీ మార్చాలి, లేకపోతే చట్టం లెక్కలో అది ఉత్త అట్టముక్క.

"ఆగవే, ముందు చుట్టుపక్కలవాళ్ళని ఒక మాట అడుగుదాం" అన్నాడు విక్.

"నా స్థలంలోకి రావద్దని చెప్పడానికి నేనింకొకళ్ళని అడగాలా" అని విక్ సుత్తే తీసుకుని, నాలుగు పక్కలా అరవై నాలుగు బోర్డులు కొట్టి వచ్చింది.

చట్టం ఆవిడ పక్షానే ఉంది. కానీ మా దగ్గర చట్టం ఒకటి, మర్యాద ఒకటి. తాతల కాలం నుంచీ ఎవరి అడవిలోనైనా ఎవరైనా నడవచ్చు, వేటాడుకోవచ్చు, తలుపు కొట్టి ఒక మాట చెబితే చాలు. బోర్డు కొట్టడమంటే ఊరి మొహం మీద తలుపు వేసినట్టు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పడం మా మర్యాద కాదు. ఇదీ మా తెలివి, ఏం చెప్పమంటారు.

ఆ తర్వాత ఊరు ఆవిడతో మాట్లాడ్డం మానేసిందనడానికి లేదు, మావాళ్ళు అంతకుముందు మాత్రం ఏం మాట్లాడారు గనక. కాకపోతే రోడ్డు మీద ఎదురొచ్చే కార్లలో పలకరింపుగా స్టీరింగు మీంచి లేచే చూపుడువేలు లేవడం మానేసింది. కొట్టు డ్వైట్ చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవాడు. ఆవిడ లోపలికొస్తే పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు బూట్ల వంక చూసుకునేవాళ్ళు. "ఏం చేశానని వీళ్ళు మొహాలు గంటు పెట్టుకుంటారు? నేనేమన్నా వీళ్ళ సొమ్ము తిన్నానా" అని ఇంటికొచ్చి విక్ మీద పడేది. విక్ "కాస్త ఆగు" అనేవాడు. ఆ మనిషికి తెలిసిన మందు అదొక్కటే.

ఫిబ్రవరి తొమ్మిదిన విక్ పైకప్పు మీది మంచు లాగడానికి పొడుగు కర్ర పట్టుకుని బయటికెళ్ళాడు. కాసేపటికి కర్ర చప్పుడు ఆగిపోయింది. రెనాటా కిటికీలోంచి చూస్తే మంచులో వెల్లకిలా పడున్నాడు. ఫోన్ చేసింది. మా ఊరి అంబులెన్సులో జీతగాళ్ళుండరు, ఎవరి పని వాళ్ళు వదిలేసి పరిగెత్తుకొస్తారు. అందరికంటే ముందొచ్చినవాడు కొట్టు డ్వైట్, వంటికి కట్టుకున్న ఏప్రన్‌తోనే. మంచులో మోకాళ్ళ మీద కూలబడి, మిగతావాళ్ళు వచ్చేదాకా పావుగంట పైగా విక్ గుండె నొక్కుతూనే ఉన్నాడు. చెమటలు కారిపోతున్నాయి. చివరికి చేతులు ఆపి, "నావల్ల కాలేదమ్మా" అన్నాడు. మూడు నెలల్లో డ్వైట్ ఆవిడతో అన్న మొదటి మాట అది.

మర్నాడు టౌన్ ఆఫీసులో క్లర్కు వర్నా కోల్బీ రెనాటాని కూర్చోబెట్టి, వేడి టీ చేతిలో పెట్టి, సంగతి చెప్పింది. నేల తవ్వడం కుదరదు. మే దాకా రాతిగదిలో ఉంచాలి.

"మూడు నెలలు నా మొగుణ్ణి గోదాములో పెడతారా" అంది రెనాటా.

"అందరినీ అలాగే పెడతాం. మా అమ్మనీ పెట్టాం" అంది వర్నా. తర్వాత సొరుగులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టింది. శ్మశానంలో, పైవరసలో, పక్కపక్కనే రెండు చోట్లు. కింద విక్ సంతకం. తేదీ సెప్టెంబరు.

రెనాటాకి దుఃఖం పోయి కోపం వచ్చింది. బతికుండగా ఆయన ఇష్టానికి ఇల్లు మారింది. చచ్చాక ఎక్కడ పడుకోవాలో కూడా ఆయనే రాసిపెట్టాడా? ఒక్క మాటన్నా అడగలేదే. ఇంటికెళ్ళి ప్యాటర్సన్‌లో ఉన్న అక్క కోనీకి ఫోన్ చేసింది.

"బండి పంపిస్తాను, బావని తీసుకొచ్చేయ్. ఇక్కడ అమ్మ పక్కన చోటుంది" అంది కోనీ. "ఆ ఇల్లు అమ్మేసి నా దగ్గరికొచ్చెయ్యవే. అక్కడ మనవాళ్ళెవరున్నారు నీకు?"

అదీ నిజమే. ఎవరున్నారు? కానీ తీసుకుపోతే ఆయన సంతకం చింపేసినట్టు. వదిలేస్తే తనని తనే ఇక్కడ పాతిపెట్టుకున్నట్టు. తాడో పేడో తేల్చుకోలేక, "మే దాకా ఎలాగూ లోపలే ఉంటాడట అక్కా. అప్పటికి చెబుతాను" అంది. నేల మెత్తబడేలోగా తేల్చాల్సింది అదొక్కటే, విక్‌ని ఏ మట్టిలో పెట్టాలి, ఆ మట్టి పక్కన తను ఉండాలా వద్దా.

మొదటి ఆదివారం విక్‌ని చూడ్డానికి బయల్దేరింది. రాత్రంతా మంచు పడి మోకాలి లోతు పేరుకుని ఉంది. ఈదుకుంటూ పోవాల్సిందేననుకుని విక్ బూట్లు తొడుక్కుని వెళ్ళింది. వెళ్తే, రోడ్డు అంచు నుంచి రాతిగది తలుపు దాకా దారి తీసి ఉంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవచ్చు, అంత వెడల్పు. అంచులు కత్తితో కోసినట్టు తిన్నగా ఉన్నాయి. తలుపు పక్కన ఒక వంటింటి కుర్చీ, దాని మీద మడతపెట్టిన గోనెసంచీ. రెనాటా కూర్చుని తలుపు వంక చూస్తూ విక్‌ని గంటసేపు తిట్టింది. మనసు తేలికపడ్డాక లేచి ఇంటికొచ్చింది.

ఆ చలికాలం మంచుకి అంతూ పొంతూ లేదు. ఎప్పుడెళ్ళినా దారి తీసే ఉండేది. ఆదివారాలకి బుధవారాలు కూడా తోడయ్యాయి. లోపల విక్‌తో పాటు ఇంకో ఇద్దరున్నారు, ఎనభై దాటిన ఒక పంతులమ్మ, రంపపు మిల్లులో పనిచేసిన ఒక ముసలాయన. వాళ్ళకి కూడా ఒక దండం పెట్టి, కుర్చీలో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగి వచ్చేది.

మార్చి మొదటి మంగళవారం మా ఊరి సభ. ఊరంతా టౌన్ హాల్లో చేరి రోడ్ల దగ్గర్నుంచి కుక్కల దాకా అన్నిటి మీదా చేతులెత్తి తీర్మానాలు చేస్తారు, మధ్యాహ్నం కలిసి భోంచేస్తారు. వర్నా బలవంతం మీద రెనాటా వెళ్ళింది. బీన్సు, పందిమాంసం, యాపిల్ పై అనే తీపి రొట్టె వడ్డించుకుని ఇద్దరూ గోడ పక్కన కూర్చున్నారు.

"ఒక మాట చెప్పాలి మీ టౌన్‌వాళ్ళకి" అంది రెనాటా. "రాతిగది దాకా దారి తీయిస్తున్నారు చూడు, చాలా గొప్ప పని."

"టౌన్‌కి రోడ్ల మీది మంచు తీయడానికే దిక్కులేదు, రాతిగదికి కూడానా" అంది వర్నా. "ఆ దారి తీసేది హోలిస్ టెబో. మీ పక్క కొండాయన. శ్మశానం పనులన్నీ ఆయనే చూస్తాడు."

రెనాటా చూసింది. హాలు చివర ఒంటరిగా కూర్చుని యాపిల్ రొట్టె తింటున్న సన్నటి ముసలాయన. డెబ్భై ఆరేళ్ళు. ఆయన లారీ తమ ఇంటి ముందు నుంచి రోజూ పోతుంది, ఏనాడూ చెయ్యెత్తడు.

"ఆయనకి నేనంటే గిట్టదుగా?"

వర్నా చెంచా కింద పెట్టింది. "గిట్టకపోవడమేముంది. చూడు రెనాటా, నీకెవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నా. మీ అడవిలో పైన ఒక పెద్ద బండ ఉంది. పన్నెండో ఏట వాళ్ళ నాన్న ఆయన్ని దాని మీద కూర్చోబెట్టి దుప్పి వేట నేర్పాడు. అప్పట్నుంచి అరవై నాలుగేళ్ళు, ఏటా నవంబరులో వేట మొదలైన రోజు ఆయన ఆ బండ మీదే ఉంటాడు. భార్య పోయిన ఏడు కూడా ఉన్నాడు. మొన్న నవంబరులో నీ బోర్డు దాకా వెళ్ళి, చదివి, వెనక్కొచ్చి లారీలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాడట."

రెనాటా ప్లేటు పక్కకి నెట్టింది. "నాతో ఒక్క ముక్క చెప్పచ్చుగా?"

"నువ్వు అచ్చేయించి చెట్టుకి కొట్టావు. దానికి నోటితో జవాబు చెప్పడం ఆయనకి చేతకాదు." వర్నా మళ్ళీ చెంచా అందుకుని అంది, "ఇంకో సంగతి. జనవరిలో నువ్వు వచ్చి తేదీ మార్పించుకోలేదు. ఆ బోర్డులు ఎప్పుడో చచ్చిపోయాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా హోలిస్ అడుగు పెట్టడు. ఆయన పెట్టనిదే ఇంకెవరూ పెట్టరు."

రెనాటా ఆ రాత్రి తిండి ముట్టలేదు. తన మొహాన ఉమ్మేసినా అడగడానికి లేని మనిషి, తన మొగుడి దగ్గరికి తను నడవడానికి దారి తీస్తున్నాడు. తలుచుకున్నకొద్దీ సిగ్గేసింది. పొద్దున్నే విక్ మంచుబూట్లు కట్టుకుని, విక్ సుత్తి పట్టుకుని అడవిలోకి వెళ్ళింది. కొట్టడానికి రెండు రోజులు పట్టిన బోర్డులు పీకడానికి ఆరు రోజులు పట్టింది. మేకులు చెట్లలో గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. రెండుసార్లు నడుం లోతు మంచులో పడింది. పైన ఆ బండ దగ్గర చివరిది పీకి, కాసేపు దాని మీద కూర్చుంది. కింద దుప్పుల కాలిబాట ఒక్కటే కనిపించింది.

అట్టలన్నీ ఒక చిన్న బండిలో వేసి మంచు మీద లాక్కుంటూ హోలిస్ దగ్గరికి వెళ్ళింది. మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీసే రోజులు. ఆయన పాకపు షెడ్డులో పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. షెడ్డంతా తియ్యటి ఆవిరి. బెల్లం వండే పొయ్యిల దగ్గర ఉండే వాసనలాంటిదే, కాస్త పొగ ఎక్కువ.

"టెబో గారూ, ఇవి పీకేశాను" అంది.

ఆయన బండి వంక చూశాడు. "మేకులు తీశావా?"

"తీశాను."

"అయితే పొయ్యిలో వెయ్యి. కట్టెలు తక్కువగా ఉన్నాయి."

ఒక్కొక్కటే పొయ్యిలో వేసింది. సగం అయ్యాక ఉండబట్టలేక అడిగింది. "నాకు తెలీక చేశాను. మీరొచ్చి ఒక మాటంటే అప్పుడే తీసేసేదాన్ని కదా."

"మీ ఆయన చెప్పద్దన్నాడు."

రెనాటా చేతిలో అట్ట అలాగే ఉండిపోయింది. "విక్ మీ దగ్గరికొచ్చాడా?"

"నువ్వు బోర్డులు కొట్టిన మర్నాడే వచ్చాడు. అదిగో, ఆ బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. 'మా ఆవిడకి తుపాకి మోతంటే భయమండీ. నేను తియ్యమంటే ఇంకో వంద కొడుతుంది. వదిలేస్తే తనే తీస్తుంది, కాస్త ఆగండి' అన్నాడు. ఎన్నాళ్ళు ఆగాలయ్యా అన్నాను. 'పెళ్ళయి ఇరవయ్యొక్క ఏళ్ళు, నేనింకా ఆగుతూనే ఉన్నాను' అన్నాడు."

రెనాటాకి నవ్వొచ్చింది. విరగబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడ ఏడుపు అయిందో ఆవిడకే తెలీదు. విక్ పోయాక అంత ఏడుపు అదే మొదటిసారి. హోలిస్‌కి ఏం చెయ్యాలో పాలుపోక, ఒక కప్పులో వేడి పాకం పోసి ఇచ్చాడు. ఆవిడ అది తాగి ముక్కు తుడుచుకుంది.

"మరి ఆ రెండో చోటెందుకు కొన్నాడు? నాకు చెప్పకుండా నన్ను కూడా అక్కడ పెట్టేద్దామనా?"

"ఆయన అడిగింది ఒకటే" అన్నాడు హోలిస్. "రెండోది నేను రాశాను. మా దగ్గర పక్కపక్క చోట్లు జంటగానే ఇస్తాం. నీకక్కర్లేకపోతే గడ్డి మొలుస్తుంది. ఆయన్ని తీసుకెళ్తానన్నా నేనేం అనుకోను, పెట్టె బండి దాకా మోసిపెడతాను. మే మొదటివారంలో చెప్పు. మిల్లాయనకి గొయ్యి తవ్విన మర్నాడే మీ ఆయనకీ తవ్వాలి."

అంతే. ఉండమనలేదు, పొమ్మనలేదు. రెనాటా బతుకులో ఇష్టం నీదేనన్నవాళ్ళు తక్కువ. ఇంటికి నడిచొస్తుంటే ఎదురొచ్చిన డ్వైట్ లారీలో స్టీరింగు మీంచి చూపుడువేలు లేచింది.

మే ఎనిమిదిన విక్‌ని పైవరసలో పెట్టారు. కోనీ ప్యాటర్సన్ నుంచి వచ్చింది, ఎత్తుమడమల జోళ్ళతో. బురదలో ఒక కాలి జోడు ఉండిపోయింది. మా దగ్గర మట్టి వెయ్యడానికి కూలివాళ్ళుండరు, వచ్చినవాళ్ళే వంతులవారీగా వేస్తారు. డ్వైట్ వేశాడు, వర్నా వేసింది, ఎప్పుడూ బూట్ల వంక చూసుకునేవాళ్ళు కూడా వేశారు. హోలిస్ పార రెనాటా చేతికిచ్చాడు.

"అంతా బాగానే జరిగింది. ఇల్లు ఎప్పుడు బేరం పెడుతున్నావే?" అంది కోనీ, ఒంటికాలి మీద నిలబడి.

"పెట్టట్లేదక్కా."

"ఇక్కడ నీకెవరున్నారని?"

"వర్నా ఉంది. డ్వైట్ ఉన్నాడు. ఆ ముసలాయన ఉన్నాడు." రెనాటా పార ఆనించి ఊపిరి తీసుకుంది. "ఆయన మాట్లాడడు. నేను ఆయన వంతు కూడా మాట్లాడతాను."

ఆ నవంబరులో, వేట మొదలైన రోజు, ఇంకా వెలుగు రాకముందే ఎవరో తలుపు కొట్టారు. వేటగాళ్ళు వేసుకునే నారింజరంగు కోటుతో, టోపీ చేత్తో పట్టుకుని హోలిస్ నిలబడ్డాడు. తుపాకి లారీలోనే వదిలేసి వచ్చాడు.

"పైకి వెళ్ళనా" అన్నాడు.

"బోర్డులన్నీ మీ పొయ్యిలోనే కదా కాల్చాం. ఇంకా అడగడమేమిటండీ?"

"బోర్డుంటే అడిగే పనే లేదు, వెనక్కి తిరిగిపోవడమే. లేనప్పుడే అడగాలి" అన్నాడాయన.

"వెళ్ళండి" అంది రెనాటా. ఆ రోజు మోత వినిపించినప్పుడు ఉలిక్కిపడింది, అబద్ధమెందుకు. కానీ సాయంత్రం ఆయన తెచ్చిన మాంసాన్ని తమ ప్యాటర్సన్ పద్ధతిలో టమాటాలు వేసి వండి ఒక గిన్నె పంపించింది. "ఉప్పు ఎక్కువైంది" అని కబురొచ్చింది. ఖాళీ గిన్నె కూడా వచ్చింది.

తర్వాత పదకొండేళ్ళు ఆయన ఏటా తలుపు కొట్టాడు, ఏటా అదే మాట అడిగాడు. మోకాళ్ళు పనిచెయ్యని చివరి రెండేళ్ళూ బండ దాకా రెనాటానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేదట, దుప్పులన్నీ పారిపోయేవట. శ్మశానం పనులు కూడా ఒక్కొక్కటే ఆవిడ చేతికి వచ్చాయి. ఎవరికెక్కడ చోటో ఇప్పుడు వర్నా కంటే ఆవిడకే బాగా తెలుసు.

ఎనభయ్యేడో ఏట, జనవరి మొదటివారంలో హోలిస్ పోయాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు, నా అన్నవాళ్ళు లేరు. పెట్టెని రాతిగదిలో పెట్టారు. ఆ చలికాలం మంచు విరగబడి కురిసింది. కురిసిన ప్రతిసారీ రెనాటా పొద్దున్నే పార తీసుకెళ్ళి, రోడ్డు నుంచి తలుపు దాకా, ఇద్దరు పట్టేంత వెడల్పున దారి తీసేది, అంచులు తిన్నగా చెక్కేది. తలుపు పక్కన తన వంటింటి కుర్చీ వేసింది.

ఆ ఏడే బోస్టన్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకాయన ఒకరోజు కారాపి, అద్దం దించి చూశాడు. ఆవిడకి డెబ్భై దగ్గరపడుతోంది, మొహమంతా ఎర్రగా కందిపోయి ఉంది.

"ఆ పెద్దాయనకి ఎవరూ లేరటగా, చూడ్డానికి ఎవరొస్తారని ఇంత కష్టపడుతున్నారు" అన్నాడు.

రెనాటా పార ఆపలేదు.

"నేనొస్తాగా" అంది.